5 తీగల బాస్‌కు ఏ హెడ్, ఏ క్యాబినెట్: ఆంపెగ్, అగ్విలార్, మార్క్‌బాస్

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను 5 తీగల బాస్ గిటార్ వాయిస్తాను. ఇప్పుడున్న చిన్న కాంబో యాంప్ (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) డ్రమ్స్ పక్కన వినిపించడం లేదు కాబట్టి హెడ్‌నూ (స్పీకర్ లేని యాంప్) క్యాబినెట్‌నూ (స్పీకర్ల పెట్టె) విడివిడిగా కొనాలనుకుంటున్నాను. ఆంపెగ్ ఎస్‌వీటీ, అగ్విలార్ టోన్ హామర్ 500, మార్క్‌బాస్ లిటిల్ మార్క్ 3 అనే హెడ్‌ల వివరాలు చదివాను. ఎస్‌వీటీ 300 వాట్లదే, మిగతా రెండూ 500 వాట్లవి. అయినా వాయించినవారంతా ఎస్‌వీటీ బలం గురించే చెబుతారు. అలాంటప్పుడు వాట్లను బట్టి కంపెనీలను పోల్చవచ్చా? హెడ్, క్యాబినెట్ ఒకే కంపెనీవై ఉండాలా? నాకు అన్నిటికంటే ముఖ్యం, కింది బి తీగ స్పష్టంగా పలకడం.

మొదటి సమాధానం

వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. ఆ లెక్కన 300 వాట్లకూ 500 వాట్లకూ తేడా 2 డెసిబెల్స్ పైచిలుకు మాత్రమే. అంతకంటే పెద్ద తేడా క్యాబినెట్ సెన్సిటివిటీలో, అంటే 1 వాట్ ఇస్తే 1 మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందన్న అంకెలో ఉంటుంది. ఎస్‌వీటీకి జోడీగా పేరుపడిన, 8 పది అంగుళాల స్పీకర్లున్న ఎస్‌వీటీ-810ఈ క్యాబినెట్‌కు ఆంపెగ్ ఇచ్చిన అంకె 100 డెసిబెల్స్. 97 డెసిబెల్స్ క్యాబినెట్‌తో అంత శబ్దం రావాలంటే హెడ్ రెట్టింపు శక్తి ఇవ్వాలి. పైగా 1969లో వచ్చిన ఎస్‌వీటీ పూర్తిగా వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే హెడ్. ట్యూబులు హద్దు దాటినప్పుడు కూడా శబ్దాన్ని మెత్తగా అణచిపెడతాయి కాబట్టి, వాయించేవారు వాల్యూమ్ ఇంకొంచెం పెంచడానికి జంకరు.

ఇక బి తీగ విషయం. దాని మూలస్వరం దాదాపు 31 హెర్ట్జ్. అదే ఎస్‌వీటీ-810ఈ 58 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్, 40 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్ తగ్గిపోతుంది. అంటే ఎంతో గొప్పగా చెప్పుకునే ఆ క్యాబినెట్‌లో కూడా మనం వినేది ఎక్కువగా 62 హెర్ట్జ్ దగ్గరి రెండో హార్మోనిక్ (మూలస్వరానికి రెట్టింపు స్వరం), ఆపై స్వరాలే. మూలస్వరాన్ని మన చెవే పూరించుకుంటుంది. కాబట్టి స్పష్టత కావాలంటే మరీ కింది స్వరాల కోసం కాక, 60 నుంచి 250 హెర్ట్జ్ వరకు బిగువుగా పలికే క్యాబినెట్ కోసం వెతకండి.

పోర్టు (గాలి ఆడే రంధ్రం) ఉన్న క్యాబినెట్‌ను పరీక్షించేటప్పుడు బి తీగను గట్టిగా మీటి, స్పీకర్ కోన్‌ను చూడండి. కోన్ ముందుకూ వెనక్కూ విపరీతంగా ఊగుతున్నా శబ్దం పెరగకపోతే, ఆ స్వరం పోర్టు ట్యూనింగ్ (పోర్టు బాగా తోడ్పడే స్వరం) కంటే కిందికి పోయిందని అర్థం. అక్కడ గాలి పట్టు తప్పి, కోన్ దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. 35 హెర్ట్జ్ దగ్గర ఒక హై-పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది స్వరాలను తగ్గించేది) పెడితే ఆ భారం చాలావరకు తగ్గుతుంది.

రెండవ సమాధానం

పై మాటలతో ఏకీభవిస్తూనే, హెడ్‌ల స్వభావాన్ని తక్కువగా చూడవద్దని మనవి. లిటిల్ మార్క్ 3 సహజంగా ఏ స్వరాన్నీ ప్రత్యేకంగా పెంచని, వేగంగా స్పందించే శబ్దం ఇస్తుంది. దానిలోని వీపీఎఫ్ నాబ్ 380 హెర్ట్జ్ చుట్టూ ఉన్న మిడ్స్‌ను (మధ్య స్వరాలను) తగ్గిస్తుంది, వీఎల్ఈ నాబ్ పై స్వరాలను కోస్తుంది. ఒంటరిగా వాయించినప్పుడు వీపీఎఫ్ పెంచితే శబ్దం ఎంతో నిండుగా అనిపిస్తుంది. గిటార్లూ డ్రమ్స్ మొదలవగానే బాస్ కనిపించకుండా పోతుంది. టోన్ హామర్ 500లో మిడ్ ఫ్రీక్వెన్సీని 180 హెర్ట్జ్ నుంచి 1 కిలోహెర్ట్జ్ వరకు మార్చుకోవచ్చు. డ్రైవ్ నాబ్ పెంచేకొద్దీ శబ్దం వెచ్చబడి, పదును తగ్గుతుంది. మీ అవసరానికి నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

హెడ్, క్యాబినెట్ ఒకే కంపెనీవి కానవసరం లేదు.

మూడవ సమాధానం

కంపెనీ ఏదైనా ఓమ్‌లు (క్యాబినెట్ విద్యుత్తుకు ఇచ్చే నిరోధం) మాత్రం సరిపోవాలి. టోన్ హామర్ 4 ఓమ్‌ల దగ్గర 500 వాట్లు ఇస్తుంది, 8 ఓమ్‌ల దగ్గర 250 మాత్రమే. లిటిల్ మార్క్ 3 వరుసగా 500, 300 ఇస్తుంది. రెండు 8 ఓమ్‌ల క్యాబినెట్లను కలిపితే 4 ఓమ్‌లవుతుంది. అదే రెండు 4 ఓమ్‌ల క్యాబినెట్లు కలిపితే 2 ఓమ్‌లు. మెసా సబ్‌వే డి-800 వంటి హెడ్ దానికి ఒప్పుకుంటుంది గానీ ఈ రెండూ ఒప్పుకోవు. ట్యూబ్ హెడ్ అయితే క్యాబినెట్ తగిలించకుండా ఎన్నడూ వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

మొదటి సమాధానంలో చెప్పిన 8 స్పీకర్ల క్యాబినెట్ శబ్దంతో నాకు పేచీ లేదు. కానీ దాని బరువు 60 కిలోలు దాటుతుంది. చిన్న వేదికలకు దాన్ని నేను సిఫారసు చేయను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. టోన్ హామర్ 500 వైపే మొగ్గుతున్నాను. దానికి 4 పది అంగుళాల స్పీకర్ల క్యాబినెట్ ఒకటి మంచిదా, 12 అంగుళాల స్పీకర్ ఒక్కొక్కటి ఉన్న 8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు మంచివా?

మూడవ సమాధానం ఇచ్చినవారు

రెండు చిన్నవే తీసుకోండి, రెండూ ఒకే మోడల్‌వై ఉండాలి. మొదట ఒకటి కొని, తర్వాత రెండోది చేర్చినప్పుడు హెడ్ శక్తీ రెట్టింపవుతుంది, స్పీకర్ వైశాల్యమూ రెట్టింపవుతుంది. కింది స్వరాలు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతాయి. వాటిని పక్కపక్కన కాకుండా ఒకదానిపై ఒకటి నిలువుగా పెట్టండి. పై స్పీకర్ మీ చెవికి దగ్గరవుతుంది, పక్కలకు నిలబడినవారికీ మిడ్స్ సమంగా చేరతాయి.