సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లోనే మాన్యువల్ నేర్చుకోవాలా, బండి మార్చేయాలా?

పెనుకొండ పిల్ల
బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో ఉంటాము. నా ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. డ్రైవింగ్ స్కూలు క్లాసులు అయిపోయినాయి, లైసెన్సు కూడా వచ్చింది. ఇంట్లో ఉండేది మా ఆయన పెళ్ళికి ముందు కొన్న మాన్యువల్ పెట్రోల్ కారు. ఆదివారం పొద్దున ఆరింటికైతే బాగానే తోలుతాను. మొన్న సోమవారం సాయంత్రం అగర నుంచి సిల్క్‌బోర్డు జంక్షన్ వైపు వస్తుంటే నాలుగుసార్లు బండి ఆఫ్ అయింది. వెనక బస్సాయన హారన్ మీంచి చెయ్యి తీయలేదు. ఏడుపొచ్చేసింది. మా ఆయన నడిరోడ్డులో దిగి సీటు మారినాడు. ఆ రోజు నుంచి తాళం ముట్టలేదు. ఇదే ట్రాఫిక్‌లో పడి నేర్చుకోమంటారా, ఆటోమేటిక్ కొనుక్కోమంటారా?

గూడూరు శీను
అమ్మా, నీళ్ళలో దిగందే ఈత రాదు. 19 ఏళ్ళ కిందట ఈ ఊరొచ్చి, హోసూరు రోడ్డు మీదే నేర్చుకున్నాను. ఆదివారం పొద్దున తోలింది లెక్కలోకి రాదు. రేపటి నుంచే సాయంత్రం ఆరింటికి బయల్దేరు. క్లచ్ సగమే వదిలి, ఆ సగం క్లచ్ మీద బండిని నిలబెట్టడం కాలికి తెలిసిపోతే ఇక ఆఫ్ కాదు. ఆటోమేటిక్ ఆలోచన ఇప్పుడే వద్దు, ఒకసారి దానికి అలవాటుపడితే ఇక మాన్యువల్ జోలికి పోవు.

మూడో మెయిన్
ఎలక్ట్రానిక్ సిటీకే అయితే 2025 ఆగస్టు నుంచి ఎల్లో లైన్ మెట్రో ఉంది కదా.

సర్జాపుర సుధ
శీను గారూ, ఏడ్చి ఇంటికెళ్ళిన అమ్మాయిని మళ్ళీ అదే టైముకి అదే చోటికి పొమ్మంటున్నారు! చెల్లీ, నువ్వు ఆటోమేటిక్ తీసుకో. నేను రోజూ సర్జాపుర రోడ్డు నుంచి మారతహళ్ళి పోయొస్తాను. రెండు కాళ్ళతో మూడు పెడళ్ళు తొక్కుతూ గంటన్నర కూర్చోవాల్సిన పనేముంది? లైసెన్సు కూడా రెండింటికీ ఒకటే.

బాషా గ్యారేజీ
శీనన్నా, ఒక్క మాట. సగం క్లచ్ మీద బండిని నిలబెట్టమని కొత్తవాళ్ళకు చెప్పొద్దు. అది బండిని కదిలించడానికి, ఆపి పట్టుకోవడానికి కాదు. అలా పట్టుకుంటే లోపలి క్లచ్ ప్లేటు జారుతూ రాసుకుంటుంది, వేడెక్కుతుంది, మాడిన వాసనొస్తుంది. మా దగ్గరికి వచ్చే క్లచ్ పనుల్లో చాలావరకు ఈ అలవాటు వల్లే.

గూడూరు శీను
బాషా తమ్ముడూ, 19 ఏళ్ళలో నా క్లచ్ ప్లేటు మార్చింది రెండుసార్లే. ఎత్తు మీద వెనక్కి జారకుండా సగం క్లచ్ కాక ఇంకేం పట్టుకుంటుంది?

బాషా గ్యారేజీ
హ్యాండ్ బ్రేకు. ఫ్లైఓవర్ ఎక్కుడులో ఆగావా, హ్యాండ్ బ్రేకు లాగి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి రెండు కాళ్ళూ తీసెయ్యి. ముందు బండి కదలగానే ఫస్ట్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదులు. బండి ముక్కు కొంచెం లేచినట్టు, ఇంజను గొంతు బరువెక్కినట్టు తెలుస్తుంది. అప్పుడు కొంచెం ఆక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్ బ్రేకు దించు. జారదు. చదును రోడ్డు మీదైతే పెట్రోల్ బండి ఆక్సిలరేటర్ తొక్కకపోయినా ఫస్ట్ గేరులో మనిషి నడకంత వేగంతో పోతుంది. కొత్తవాళ్ళకు ముందు అది చెప్పాలి.

సుధక్కా, నీకూ ఒక మాట. 2014లో సెలెరియోతో మన దేశంలోకి ఏఎంటీ, అంటే మాన్యువల్ గేర్లనే మిషను మార్చే ఆటోమేటిక్, వచ్చినప్పటి నుంచి ఆ బండ్లు చూస్తున్నాను. వాటి లోపలా ఉండేది క్లచ్ ప్లేటే, నీ కాలి బదులు మిషను తొక్కుతుంది. ఎత్తు మీద బ్రేకు వేయకుండా ఆక్సిలరేటర్‌తో బండిని ఆపి పెడితే అదీ మాడుతుంది.

గూడూరు శీను
చూశారా! ఆటోమేటిక్ అయినా అంతే.

సర్జాపుర సుధ
బాషా ముందు కాదన్నది మీ మాటనే! ఆ ముక్క వదిలేసి నా మీదకి తిప్పుతారేం?

హిందూపురం వాసు
క్లచ్ గొడవ పక్కన పెట్టండప్పా. ఆ పాప తప్పు సగమే. స్కూలు కారులో మాస్టారు కాళ్ళ దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. బండి ఆగబోతుంటే ఆయన తొక్కేస్తాడు, మనమే తోలినామనుకుంటాము. రూలు ప్రకారం 21 రోజులకు తగ్గకుండా, 10 గంటలు మనిషి చేత తోలించాలి. నేను పోయిన చోట ఒకే కారులో ముగ్గుర్ని ఎక్కించుకునేవాళ్ళు. నా చేతికి స్టీరింగ్ వచ్చేది పావుగంట.

పెనుకొండ పిల్ల
వాసన్నా, నాదీ అదే కథ. స్కూలు కారు ఎప్పుడూ ఆఫ్ కాకపోయినా మా ఇంటి కారు ఎందుకు ఆఫ్ అవుతోందో ఇప్పుడు తెలిసింది.

గూడూరు శీను
అయితే ఇంకేం, నేర్చుకోవాల్సింది క్లచ్చే అని తేలింది. సుధ గారూ, తప్పుగా అనుకోకండి, ఆటోమేటిక్ ఒక్కటే తెలిసినవాళ్ళకు డ్రైవింగ్ వచ్చినట్టు కాదు. సగమే వచ్చినట్టు.

సర్జాపుర సుధ
ఈ మాటే ఆరేళ్ళు విన్నాను. 2017లో మాన్యువల్ నేర్చుకుంటుంటే మా ఇంటి కారు క్లచ్ ప్లేటు పోయింది. ఆ బిల్లు ఎంతయిందో మా ఆయన ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పాడు. మా అమ్మానాన్నలకీ చెప్పాడు. పక్కన కూర్చుంటే నేను క్లచ్ మీద కాలు పెట్టకముందే "మాడుతోంది, మాడుతోంది" అనేవాడు. తాళం అడగడం మానేశాను. పిల్లకి జ్వరమొస్తే ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడేదాన్ని, కారు కింద పార్కింగ్‌లోనే ఉండేది. 2023లో నా జీతంతో ఏఎంటీ కొన్నాను. ఆ వారమే నేనొక్కదాన్నే బయటికెళ్ళాను. నాకొచ్చింది సగమో పూర్తో మీరు తేల్చనక్కర్లేదు.

గూడూరు శీను
నేను మీ ఆయన్ని కాదమ్మా. ఆ కోపం నా మీద చూపిస్తే ఎలా?

సర్జాపుర సుధ
మరి మాన్యువల్ మాన్యువల్ అని మీకింత పంతం దేనికి?

గూడూరు శీను
చెప్తాను. మా నాన్నకి ఊళ్ళో రాత్రి రెండింటికి గుండెనొప్పి వచ్చింది. తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. వాడు ఆటోమేటిక్ మీద నేర్చుకున్నవాడు. పక్కింటివాళ్ళు తాళం తెచ్చి చేతిలో పెట్టారు, పాత డీజిల్ బండి, ఐదు గేర్లు. వాడు గేటు దాటించలేకపోయాడు. పక్కూరి నుంచి డ్రైవరు వచ్చేసరికి ముప్పావుగంట. నాన్న దక్కలేదు. ముందే వెళ్ళినా దక్కేవాడో కాదో డాక్టరు చెప్పలేదు. తమ్ముణ్ణి నేనొక్క మాట అనలేదు. కానీ మా ఊళ్ళలో ఆపదకి దొరికే బండి మాన్యువలే, అది తోలగలిగిన మనిషి ఇంటికొకరైనా ఉండాలి.

మూడో మెయిన్
అయ్యో శీను గారూ.

సర్జాపుర సుధ
మీకు ఇంత జరిగిందని నాకు తెలియదు. మీరు ఏ బండి చేతికొచ్చినా కదిలించగలగాలంటున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడిన రోజులు దాటుకుని వచ్చి మాట్లాడుతున్నాను. అయినా నా మాట మార్చుకోను. భయంతో తాళం ముట్టని మనిషికి మాన్యువల్ వచ్చినా ఆ రాత్రి చెయ్యి ఆడదు.

గూడూరు శీను
నేనూ మార్చుకోను. కానీ సాయంత్రం ఆరింటికి సిల్క్‌బోర్డుకి పొమ్మన్నది తప్పే. ఒప్పుకుంటున్నాను.

పెనుకొండ పిల్ల
రెండు రోజులు ఏమీ రాయలేదు, ఏమనుకోవద్దండి. నిన్న రాత్రి పదకొండింటికి మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపులో బాషా అన్న చెప్పినట్టు హ్యాండ్ బ్రేకు మీద నిలబెట్టి తీసినా. పన్నెండుసార్లు. మూడుసార్లు ఆఫ్ అయింది, ఒక్కసారీ వెనక్కి జారలేదు. పక్కన మా ఆయన లేడు, నేనే వద్దన్నా. వాచ్‌మన్ తాత కింద టార్చి పట్టుకుని నిలబడినాడు. రేపు రాత్రి పది దాటినాక అగర దాకా పోతా. ఆటోమేటిక్ సంగతి దసరాకి ఊరికి పోయొచ్చినాక చూస్తా.

గూడూరు శీను
సంతోషం తల్లీ. ఆఫ్ అయినప్పుడు కంగారుపడి తాళం తిప్పకు. బ్రేకు, క్లచ్ రెండూ పూర్తిగా తొక్కి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, అప్పుడు స్టార్టు చెయ్యి. వెనకవాడు హారన్ కొట్టుకోనీ.

సర్జాపుర సుధ
చెల్లీ, ఆ కారుకి రెండో తాళం ఉంటుంది. ఎవరి దగ్గరుంది?

పెనుకొండ పిల్ల
మా ఆయన బీరువాలో అక్కా.

సర్జాపుర సుధ
ఈ రాత్రే తీసి నీ హ్యాండ్‌బ్యాగులో వేసుకో.