ఎదురింటి ఫోకస్ లైట్ మా బెడ్రూమ్‌లో పడుతోంది, ఎట్లా చెప్పాలి?

నిజాంపేట్ మూడో ఫ్లోర్:
ఎదురుగా కొత్తగా ఇల్లు కట్టిన వాళ్లు పిట్టగోడ మీద 100 వాట్ల ఎల్ఈడీ ఫోకస్ పెట్టారు, అది కిందకి కాకుండా రోడ్డు దాటి నేరుగా మా గదిలోకి వస్తోంది, కర్టెన్ వేసినా కిటికీ గ్రిల్ నీడ సీలింగ్ మీద గీతలు గీతలుగా పడుతుంది. ఆపమంటే అంకుల్ "దొంగల భయం బాబూ" అంటున్నారు. గొడవ లేకుండా ఏదైనా దారుందా?

వైరింగ్ తమ్ముడు:
ఆపమని అడగకు అన్నా, వంచమని అడుగు. దానికి వెనక పట్టీ ఉంటది, రెండు దిక్కుల బోల్టులు లూజ్ చేసి అద్దం నేలకు చూసేటట్టు తిప్పి టైట్ చేస్తే అయిపాయె. ముందుగాల ఓ పని చెయ్, రాత్రి అంకుల్‌ను రోడ్డు మీదికి పిలిచి వాళ్ల గేటు దిక్కు చూడమను, కళ్లు జిగేల్‌మని గేటు కాడ ఎవరున్నా కనపడరు. అరచెయ్యి లైట్‌కు అడ్డం పెట్టుకొని మళ్లా చూడమను, మనిషి కనపడతడు. దొంగకు ఆ లైటే సాయం చేస్తున్నది.

అమీర్‌పేట అక్క:
డబ్బా మీద 6500 కెల్విన్ (లైటు రంగు లెక్క, ఎక్కువుంటే తెలుపు) అని ఉంటే అదీ మార్పించండి, 3000 గానీ 2700 గానీ వార్మ్ వైట్, అంటే కాస్త పసుపు లైటు, చాలు. తెల్ల లైట్లో నీలం పాలు ఎక్కువ, అది గాలిలో బాగా చెదురుతుంది, పగలు ఆకాశం నీలంగా కనపడేదీ అందుకే కదా. గేటుకి 100 వాట్లేంటో, క్రికెట్ ఆడతారా? సెన్సార్ పెడితే మనిషి వచ్చినప్పుడే వెలుగుతుంది, కరెంటు బిల్లు మాట చెప్పండి, వింటారు.

లేట్‌నైట్ లింగంపల్లి:
ఒక్క లైట్ వంచితే హైదరాబాద్‌లో చుక్కలొస్తాయా బాస్

అమీర్‌పేట అక్క:
రావు. కానీ ఒకప్పుడు బేగంపేటలోనే చుక్కల్ని చూసే నిజామియా అబ్జర్వేటరీ నడిచింది, తర్వాత 48 అంగుళాల టెలిస్కోప్‌ని ఊరి బయట జపాల్-రంగాపూర్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. లద్దాఖ్ హాన్లేలో అయితే 2022లో డార్క్ స్కై రిజర్వ్ (రాత్రి ఆకాశాన్ని చీకటిగా కాపాడే ప్రాంతం) చేసి ఊళ్లో లైట్లకి మూతలు పెట్టారు. మీకు ముందు నిద్ర వస్తే చాలు లెండి.

నిజాంపేట్ మూడో ఫ్లోర్:
అరచెయ్యి ట్రిక్ పనిచేసింది, అంకుల్ కన్నా ముందు ఆంటీకి అర్థమైంది, నిన్న వంచేశారు. ఇప్పుడు లైటు సరిగ్గా వాళ్ల కారు మీద పడుతోంది, డోర్ మీద గీత ఇన్నాళ్లకి కనపడిందట, మీ పిల్లలేనా అని అడుగుతున్నారు 😅