సెల్ (SELL, అంటే అమ్మెయ్) టీషర్ట్ ఉతికి దాచుకున్నవాళ్ళకి ఒక ప్రశ్న: ఏస్ మ్యాచ్‌కి టికెట్ కొనాలా వద్దా?

ఫ్రీమాంట్ నాన్న:

ఇక్కడ బేస్‌బాల్ చూసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలీదు, క్రికెట్ గోలలో ఇది ఎవరికి కనిపిస్తుందో కూడా తెలీదు, అయినా కక్కేస్తే తప్ప నిద్రపట్టేలా లేదు. మా ఓక్లాండ్ టీమ్ అథ్లెటిక్స్‌ని (ఏస్ అంటే వాళ్ళే) ఓనరు జాన్ ఫిషర్ లాస్ వెగాస్‌కి తరలిస్తున్నాడు, అక్కడ స్టేడియం అయ్యేదాకా శాక్రమెంటోలో ఆడిస్తున్నాడు.

నేను 2007లో కాలిఫోర్నియాలో ఓక్లాండ్ దగ్గరున్న ఫ్రీమాంట్ వచ్చాను. ఆ వేసవిలోనే ఆఫీసులో సీనియర్ ఒకాయన బార్ట్ రైలెక్కించి ఓక్లాండ్ కొలీజియంకి తీసుకెళ్ళాడు. స్టేషన్ నుంచి స్టేడియం దాకా ఆ కంచెల బ్రిడ్జి, అక్కడ బేకన్ చుట్టిన హాట్‌డాగ్‌లు కాల్చే బండ్లు, లోపల మైదానం కుడి చివరి బెంచీలు, అదే రైట్ ఫీల్డ్ బ్లీచర్స్‌లో డప్పులు. రూల్స్ ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆ డప్పుల పక్కన కూర్చుంటే మా ఊరి జాతరలో ఉన్నట్టే అనిపించింది. అప్పటినుంచి అథ్లెటిక్స్ మా టీమ్. ఆ రోజుల్లో స్టేడియం మా ఊరికే వస్తుందన్నారు కూడా! 2006లో ఫ్రీమాంట్‌లో కడతామని ప్రకటించారు, 2009 ఫిబ్రవరికల్లా చేతులెత్తేశారు. తర్వాత శాన్ హోసె అన్నారు, ఓక్లాండ్‌లోనే లేనీ అనే కాలేజీ దగ్గర అన్నారు, హోవర్డ్ టెర్మినల్ అన్నారు. పెళ్ళిచూపులు చూస్తూనే ఉన్నారు, తాంబూలాలు మాత్రం ఎక్కడా పుచ్చుకోలేదు.

ఓడిపోతే నాకేం బాధ లేదు, సన్‌రైజర్స్‌ని కూడా చూస్తున్నవాణ్ణి. బాధంతా ఎలా ఓడించారో దాని గురించి. 2021లో 86 మ్యాచ్‌లు గెలిచిన టీమ్ అది. 2022 మార్చిలో ఒకే వారంలో బాసిట్, ఓల్సన్, చాప్‌మన్ ముగ్గురు మంచి ఆటగాళ్ళనీ వేరే టీమ్‌లకి పంపించేశారు, ఏప్రిల్లో మనాయా, ఆగస్టులో మాంటాస్, డిసెంబర్‌లో షాన్ మర్ఫీ. ఇటు మనుషుల్ని అమ్ముతూ అటు సీజన్ టికెట్ల రేట్లు పెంచారు, ఈ ధైర్యం ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2022లో 102 ఓటములు, 2023లో 112. ఇంకేం, జనం రావడం మానేశారు. అప్పుడు చూశారా, ఓక్లాండ్‌లో జనమే రారు అని వెగాస్ పాట. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని ముద్ర వెయ్యాలిగా.

2023 జూన్ 13న, మానేసే బదులు స్టేడియం నింపి నిరసన చెప్పే రివర్స్ బాయ్‌కాట్‌కి నేనూ వెళ్ళాను. టాంపా బే మీద మ్యాచ్. 27,759 మంది, చాలామందికి ఆకుపచ్చ సెల్ టీషర్టులు. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో స్టేడియం మొత్తం నోరు మెదపకుండా నిలబడి, తర్వాత ఒక్కసారిగా టీమ్ అమ్మెయ్ అని అరిచారు. 2-1తో గెలిచాం, అది వరుసగా ఏడో గెలుపు. అదే రోజు అటు నెవాడా సెనేట్ వెగాస్ స్టేడియంకి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే బిల్లు పాస్ చేసింది. నవంబర్‌లో టీమ్ వెగాస్ వెళ్ళడం మీద లీగ్‌లోని 30 టీమ్‌ల ఓనర్ల ఓటు 30-0. ఒక్కడంటే ఒక్కడు కూడా వద్దనలేదు.

2024 సెప్టెంబర్ 26న ఆఖరి మ్యాచ్‌కి కూడా వెళ్ళి, ఒక హార్లిక్స్ సీసాలో గుప్పెడు మట్టి తెచ్చుకుని, తిరిగొచ్చేటప్పుడు ఆ బ్రిడ్జి మీద నిలబడి ఒట్టు పెట్టుకున్నా, ఇక జాన్ ఫిషర్ జేబులో నా డాలరు ఒక్కటి కూడా పడదని.

ఇప్పుడు సమస్య మా తొమ్మిదేళ్ళవాడు. 2025 జూలైలో నిక్ కర్ట్జ్ ఒకే మ్యాచ్‌లో 4 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టాడు కదా, ఆ రోజునుంచి వాడికి అదే లోకం. శాక్రమెంటో తీసుకెళ్ళు నాన్నా అంటాడు. వెళ్తే ఒట్టు పోతుంది, వెళ్ళకపోతే పిల్లాడి మీద నా కోపం రుద్దినట్టు. టికెట్ కొంటే ఆయన గెలిచినట్టు, కొనకపోతే జనం రారన్న ఆయన మాట నిజం చేసినట్టు. మీరైతే ఏం చేస్తారు?

లెక్కల మనిషి:

తిట్టుకోకండి బ్రో, కానీ రెండోవైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఆ కొలీజియం 1966 నాటిది. మురుగునీళ్ళు పైకి తన్నేవి, ప్రెస్ బాక్సులో పోసమ్ అనే ఎలుకలాంటి జంతువు కాపురం పెట్టింది, స్టాండ్స్ కింద పిల్లుల సంసారం. 1990ల మధ్యలో అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ రెయిడర్స్‌ని వెనక్కి రప్పించడానికి సెంటర్ ఫీల్డ్ వెనక మౌంట్ డేవిస్ అనే కాంక్రీటు కొండ కట్టి, కనిపించే పచ్చటి కొండల్ని కప్పేసింది ఫిషర్ కాదు. శాన్ హోసె వెళ్ళనివ్వకుండా ఆ ఊరు తమదన్న హక్కులు పట్టుకు కూర్చుంది శాన్ ఫ్రాన్సిస్కో టీమ్ జయంట్స్. అదైతే అచ్చంగా అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు టైపు. శాన్ హోసె సిటీ కోర్టుకెక్కినా 2015లో సుప్రీంకోర్టు కేసే తీసుకోలేదు, ఎందుకంటే 1922 తీర్పు ప్రకారం బేస్‌బాల్‌కి గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే యాంటీట్రస్ట్ చట్టం వర్తించదు. అమెరికాలో ఇంకే ఆటకీ లేని రాయితీ అది.

ఇంక మీ డాలర్ సంగతి. 2005లో ఫిషర్, లూ వోల్ఫ్ కలిసి 18 కోట్ల డాలర్లకి కొన్నారు. ఇప్పుడు దాని విలువ వంద కోట్ల పైమాటే. స్టాండ్స్ ఖాళీగా ఉన్నా ఆ విలువ పెరుగుతూనే పోయింది. నేషనల్ టీవీ డబ్బులో ముప్ఫయ్యో వంతు గెలిచినా ఓడినా వస్తుంది. పెద్ద టీమ్‌ల ఆదాయంలోంచి చిన్నవాళ్ళకిచ్చే రెవెన్యూ షేరింగ్ ఉంది, 2016 ఒప్పందంలో వీళ్ళకి దశలవారీగా ఆపేశారు, 2022లో మళ్ళీ మొదలుపెట్టారు, 2024 జనవరి లోపల స్టేడియం డీల్ కుదరాలన్న షరతుతో. వెగాస్ అంత హడావుడి ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. ఈ దేశంలో యూరప్ ఫుట్‌బాల్ లీగ్‌ల్లోలాగా ఆఖర్న వచ్చినవాణ్ణి కింది డివిజన్‌కి తోసే పద్ధతి లేదు. 112 ఓడినా వచ్చే ఏడాది అదే లీగ్, అదే వాటా. అంచేత మీరు 40 డాలర్ల టికెట్ కొనడం కొనకపోవడం ఆయనకి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. పిల్లాణ్ణి తీసుకెళ్ళండి.

బ్లీచర్స్ పెద్దాయన:

లెక్కల మనిషి గారూ, లెక్కలు బాగానే చెప్పారు, చరిత్ర మాత్రం మీకు అనుకూలమైనచోట మొదలుపెట్టారు.

నేను 1986లో హేవర్డ్ వచ్చాను. నేను రాకముందు సంగతి, పాతవాళ్ళు చెప్పేవారు: 1968లో కాన్సాస్ సిటీ నుంచి టీమ్‌ని తెచ్చిన చార్లీ ఫిన్లీ 72, 73, 74 వరుసగా మూడు వరల్డ్ సిరీస్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచి, ఆ తర్వాత ఖర్చు పెట్టనన్నాడు. 1976లో వైడా బ్లూ, రోలీ ఫింగర్స్, జో రూడీలను 35 లక్షల డాలర్లకి అమ్మబోతే లీగ్ కమిషనరే అడ్డుపడ్డాడు. 1979కి వచ్చేసరికి 108 ఓటములు, ఏడాది మొత్తానికి 3 లక్షల 6 వేల మంది జనం. అప్పుడూ ఇదే మాట, ఓక్లాండ్ బేస్‌బాల్ ఊరు కాదు అని.

1980లో హాస్ కుటుంబం కొన్నది. లీవైస్ జీన్స్ వాళ్ళు. అదే ఊరు, అదే స్టేడియం, అదే సీట్లు. రికీ హెండర్సన్ 1982లో 130 బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరాడు. 1989లో వరల్డ్ సిరీస్ గెలిచాం, మూడో మ్యాచ్ రోజున భూకంపం వచ్చి బే బ్రిడ్జి ముక్క ఊడిపడింది, నేను ఆ రాత్రి ఇల్లు చేరేసరికి ఒంటిగంట. 1990లో 29 లక్షల మంది వచ్చారండీ కొలీజియంకి. 3 లక్షల నుంచి 29 లక్షలు! పదకొండేళ్ళలో మారింది ఏమిటయ్యా అంటే ఓనరు. మీరు జయంట్స్‌ని తిట్టారే, ఆ శాన్ హోసె హక్కు అసలు వాళ్ళకిచ్చిందే వాల్టర్ హాస్, కాణీ డబ్బు కూడా తీసుకోకుండా, పక్క టీమ్ ఊరు వదిలి పోకూడదని. ఆ మంచితనమే తర్వాత్తర్వాత మన మెడకి చుట్టుకుంది, అది వేరే కథ.

ఇంకో తమాషా. ఫిషర్ తల్లిదండ్రులు పెట్టింది గ్యాప్. 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో తెరిచిన ఆ మొదటి కొట్లో అమ్మినవి లీవైస్ ప్యాంట్లే. వాళ్ళవీ ప్యాంట్లే, వీళ్ళవీ ప్యాంట్లే. గుడ్డ తేడా కాదు, మనిషి తేడా. స్టేడియం పాడైంది కాబట్టి జనం రాలేదంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

నాన్న గారూ, నేనైతే వెళ్ళను. నాకు మనవళ్ళు లేరు, కాబట్టి ఈ మాట సులభంగా అనగలుగుతున్నానేమో.

ఉప్పల్ కుర్రాడు:

నాకు బేస్‌బాల్ రాదు అన్నా, కానీ ఇది చదువుతుంటే డెక్కన్ చార్జర్స్ గుర్తొచ్చారు. 2008లో ఆఖరి స్థానం, 2009లో సౌతాఫ్రికాలో కప్పు, 2012లో బ్యాంక్ గ్యారంటీ కట్టలేదని బీసీసీఐ టీమ్‌నే రద్దు చేసింది. స్కూల్లో ఉన్నాను, ఆ నీలం జెర్సీ ఇంకా ఉంది ఇంట్లో. ఆర్నెల్లు తిరక్కుండా సన్ టీవీ వాళ్ళు హైదరాబాద్ పేరుతో కొత్త టీమ్ పెట్టారు, రంగు ఆరెంజ్, మేం మారిపోయాం, 2016లో కప్పు కూడా వచ్చింది. మాకు ఓనర్ పోయాడు, ఊరు మిగిలింది. మీకు ఓనర్ మిగిలి ఊరు పోయింది. మరి మీరు దేనికి ఫ్యాన్ అన్నా, ఆ చొక్కాకా, ఊరికా? ఊరికైతే ఓక్లాండ్‌లో ఇంకేం లేవా?

బ్లీచర్స్ పెద్దాయన:

ఎందుకు లేవు బాబూ. బాలర్స్ అని చిన్న లీగ్ టీమ్, వెస్ట్ ఓక్లాండ్ రైమండీ పార్కులో 2024 నుంచి ఆడుతున్నారు. మేజర్ లీగ్ కాదు, కానీ డప్పులవాళ్ళు కనిపిస్తుంటారు. నేనిప్పుడు అక్కడికే పోతున్నా. బాస్కెట్‌బాల్ టీమ్ వారియర్స్ 2019లో శాన్ ఫ్రాన్సిస్కో పోయారు, రెయిడర్స్ 2020లో వెగాస్ పోయారు, ఇప్పుడు వీళ్ళు. ఒకే ఊరికి అయిదేళ్ళలో మూడుసార్లు.

శాక్‌టౌన్ శీను:

మా ఊరి గురించి ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే చెప్తా. సట్టర్ హెల్త్ పార్క్‌లో 14 వేలమంది పడతారు, మామూలుగా జయంట్స్‌వాళ్ళ చిన్న టీమ్ ఆడే గ్రౌండ్ అది. 2025లో సగటున పదివేలు కూడా రాలేదు. ఎందుకొస్తారు? జెర్సీ మీద శాక్రమెంటో అని ఊరి పేరు లేదు, ఉత్త అథ్లెటిక్స్. ఒక చేతికి మా బ్రిడ్జి బొమ్మ బిళ్ళ, ఇంకో చేతికి లాస్ వెగాస్ బిళ్ళ. మేం అద్దె ఇల్లు, అంతే. ఇక్కడ మొదటి మ్యాచ్‌లోనే షికాగో కబ్స్ 18-3తో ఉతికారు. మే నెలలో మొదలై 21 మ్యాచ్‌ల్లో 20 ఓడారు, అదేదో శాపం లాగా. జూలైలో మధ్యాహ్నం ఆట పెడితే మా ఊరు రెంటచింతలే.

కానీ ఒక మాట చెప్పాలి, ఆ కుర్రాళ్ళు మాత్రం బాగా ఆడతారు. కర్ట్జ్‌కి రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) ఊరికే ఇవ్వలేదు, జేకబ్ విల్సన్ .311 బ్యాటింగ్ సగటుతో ఆడాడు, చివరికి 76 గెలుపులు, 86 ఓటములతో ముగించారు. డబ్బు కూడా కాస్త తీశారు, పిచర్ (బంతి విసిరేవాడు) సెవెరీనోకి మూడేళ్ళకి 6 కోట్ల 70 లక్షల డాలర్లు, అప్పటికి ఈ టీమ్ చరిత్రలోనే అంత పెద్ద కాంట్రాక్ట్ లేదు. రెవెన్యూ షేరింగ్ డబ్బు మింగేస్తున్నారని ప్లేయర్స్ యూనియన్ గొడవ చేస్తుందన్న భయంతోనే తీశారని పేపర్లలో వచ్చింది లెండి. రైట్ ఫీల్డ్ వెనక గడ్డి గట్టు ఉంది, దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు, ఆటగాళ్ళు అంత దగ్గరగా మేజర్ లీగ్‌లో ఇంకెక్కడా కనపడరు. అదెలాగూ 2027 దాకానే. తర్వాత చూడాలంటే వెగాస్ విమానం ఎక్కాలి, అదీ ట్రోపికానా హోటల్ కూలగొట్టిన ఆ తొమ్మిదెకరాల్లో 33 వేల సీట్ల స్టేడియం 2028కి నిజంగా పూర్తయితే.

లెక్కల మనిషి:

పెద్దాయన గారూ, హాస్ పాయింట్ ఒప్పుకుంటున్నా. 29 లక్షల అంకె నాకు తెలీదు. నా జవాబులో సగం కొట్టేసుకోండి, యాంటీట్రస్ట్ ముక్క ఉంచండి.

ఫ్రీమాంట్ నాన్న:

అందరికీ థాంక్స్. ఉప్పల్ తమ్ముడు అడిగిన ప్రశ్నకి రాత్రంతా ఆలోచించినా జవాబు దొరకలేదు. ఒకటి చెప్తా. 2025 జూన్‌లో మేజర్ లీగ్ క్రికెట్ మొదటి మ్యాచ్ కొలీజియంలోనే పెట్టారు. వెళ్ళాను. అదే బార్ట్, అదే బ్రిడ్జి. ఫిన్ అలెన్ 151 కొట్టాడు, 19 సిక్సర్లు, టీ20లో ప్రపంచ రికార్డు. మనవాళ్ళందరూ ఈలలు, గోల. నాకు మాత్రం కళ్ళు ఊరికే రైట్ ఫీల్డ్ బ్లీచర్స్ వైపే పోయాయి. పక్కనున్న ఫ్రెండ్ ఏంట్రా అటు చూస్తున్నావు, సిక్స్ ఇటు పోయింది అన్నాడు.

సరే, మావాడి సంగతి. మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది: సీజన్ టికెట్లున్నవాళ్ళెవరైనా రానప్పుడు తిరిగి అమ్మేస్తారుగా, అవి కొనమంటుంది. ఆ డబ్బు ఫిషర్‌కి ఎప్పుడో ముట్టింది, కొత్తగా మనం ఇచ్చేది లేదు. ఒట్టు గట్టునపెట్టినట్టు కాదు, కాస్త వంచినట్టు. జెర్సీ అడిగితే పాత ఓక్లాండ్ అక్షరాలున్నది సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతా. నేను మాత్రం సెల్ టీషర్టే వేసుకుంటా. ఏప్రిల్లో ఎండ ముదరకముందే వెళ్ళాలని.

శీను గారూ, లోపల మంచినీళ్ళు తప్ప ఏమీ కొనకూడదని మా ఆవిడ ఆర్డర్, పులిహోర డబ్బా రానిస్తారా?

శాక్‌టౌన్ శీను:

గేటు దగ్గరవాడి మూడ్ మీద ఉంటుందేమో, నేనెప్పుడూ ప్రయత్నించలేదు. ఎందుకొచ్చిన టెన్షన్, స్టేడియం పక్కనే టవర్ బ్రిడ్జి ఉంది, నది ఒడ్డున కూర్చుని తినేసి లోపలికి పోదాం. నాక్కూడా ఒక పొట్లం కట్టించండి. మీకు గుర్తుపట్టడానికి నేను గ్రీన్ టోపీలో ఉంటా, అక్కడ అందరూ గ్రీన్ టోపీలోనే ఉంటారనుకోండి.