జూమ్ రింగు 35 దగ్గర పట్టేసింది, ఇంట్లో విప్పొచ్చా?

బైరాగిపట్టెడ అబ్బాయి

అన్నలూ, కొంచెం సలహా కావాలి. నా డీఎస్ఎల్ఆర్‌తో పాటు వచ్చిన 18-55 (మిల్లీమీటర్లలో జూమ్ అంకెలు) కిట్ లెన్సే ఆరేళ్లుగా వాడుతున్నాను (కంపెనీ పేరు అడక్కండి, ఆ గొడవతోనే థ్రెడ్ నిండిపోతుంది). పోయిన ఆదివారం మా చిన్నాన్న కొడుకు ప్రీ వెడ్డింగ్ షూట్ అని శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖిలోకి దిగాం. నీళ్లు లేవు, కనుచూపు మేరా ఇసుకే. ఉన్నట్టుండి గాలి లేచింది, కెమెరాని టవల్ మీద పెట్టి రిఫ్లెక్టర్ కోసం పరిగెత్తాను, తిరిగొచ్చేసరికి కెమెరా టవల్ మీద లేదు, ఇసుకలో బోర్లా పడి ఉంది.

ఇంటికొచ్చి చూస్తే జూమ్ రింగు 18 నుంచి కరకరమంటూ వస్తుంది, 35 దగ్గర ఆగిపోతుంది. గట్టిగా తిప్పితే (తిప్పకూడదని తెలుసు, తిప్పేశాను) ముందు గొట్టం కాస్త పక్కకి ఒరిగినట్టు కనిపిస్తోంది. ఇది చాలదన్నట్టు ఇంకోటి: ఎఫ్ 3.5లో (అపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి) ఫొటో పడుతోంది, ఎఫ్ 8 పెట్టి దాన్ని చిన్నది చేస్తే ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి లెన్స్ ఎర్రర్ చూపిస్తుంది. లెన్స్ వెనక కెమెరాకి కరెంటు తగిలే కాంటాక్టులు గుడ్డతో తుడిచాను, మార్పు లేదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు 4,800 అన్నారు, అదీ ఇరవై రోజుల తర్వాత. పెళ్లి అంతకు ముందే ఉంది. మా అమ్మేమో "రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వెయ్యరా, అదే కదులుతుంది" అంటోంది. విప్పనా, వద్దా?

పాత రీలు, చిత్తూరు

తమ్ముడూ, ముందు ఆ నూనె డబ్బా దాచెయ్. అమ్మగారికి నా మాటగా చెప్పు, కుట్టుమిషన్‌కి నూనె అమృతం, లెన్స్‌కి మాత్రం విషం. నూనె వేసిన చోట ఉండదు, పాకుతుంది. అపర్చర్ రేకుల మీదికి చేరిందంటే అవి ఒకదానికొకటి అంటుకుని నెమ్మదిగా కదులుతాయి, ఇక ప్రతి ఫొటో తెల్లగా పాలిపోయి వస్తుంది. డబ్ల్యూడీ 40 స్ప్రే కొట్టమని ఇంకెవరైనా చెప్తే వాళ్లకీ ఇదే జవాబు.

గొట్టం ఒరిగింది అన్నావు చూడు, అసలు విషయం అక్కడుంది. లోపలి గొట్టానికి చుట్టూ మూడు చోట్ల చిన్న స్క్రూలు, వాటికి ప్లాస్టిక్ చుట్టలు ఉంటాయి. అవి ఏటవాలు గాళ్లలో జారుతుంటే లెన్స్ ముందుకీ వెనక్కీ వస్తుంది. మూడింట్లో ఒకటి ఊడినా మిగతా రెండూ బరువు మొయ్యలేవు, మూడు కాళ్ల పీటకి ఒక కాలు విరిగినట్టు గొట్టం వాలిపోయి పట్టేస్తుంది. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపు. లోపల చిన్న ఇనుప ముక్క దొర్లుతున్న చప్పుడు వస్తే ఆ స్క్రూనే అనుకోవచ్చు. ఒక్క మాట, స్టెబిలైజర్ (చెయ్యి వణుకుని సర్దేది) ఉన్న లెన్స్ ఐతే అది మామూలుగానే కొంచెం లొడలొడమంటుంది, దానికి టెన్షన్ పడకు.

కరకర మాత్రం ఇసుకే. రింగు ఇంకోసారి కూడా తిప్పకు, తిప్పిన కొద్దీ ప్లాస్టిక్ గాళ్లని అరగదీస్తుంది. మూతిని కిందికి పెట్టి, రబ్బరు బ్లోయర్‌తో సందుల్లో కొట్టు. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది.

విప్పొచ్చా అంటావా, 4,800 పెట్టి బాగు చేయించే వస్తువు కాదు కాబట్టి విప్పొచ్చు. అదే ఖరీదైన లెన్స్ ఐతే నేనే వచ్చి నీ చేతిలోంచి లాక్కునేవాణ్ణి.

ఘాట్‌రోడ్డు గురుడు

ఎందుకు బ్రదర్ ఈ తలనొప్పి. అదే లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో ఇంతకంటే తక్కువకి దొరుకుతుంది. నేనూ ఒకసారి విప్పాను, బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి, ఇప్పుడది మా ఇంట్లో పెన్నుల స్టాండు.

నేలపట్టు గూడబాతు

స్క్రూలు మిగలడం కంటే ఆ ఎర్రర్ సంగతి ముందు చూడు తమ్ముడూ. పాత రీలు అన్న చెప్పిన దానికీ దీనికీ సంబంధం లేకపోవచ్చు, రెండు జబ్బులు ఒకేసారి వచ్చి ఉండొచ్చు.

నువ్వు ఫ్రేమ్ చూసుకునేటప్పుడు అపర్చర్ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది. షట్టర్ నొక్కిన క్షణంలోనే ఎఫ్ 8కి మూసుకుంటుంది. ఎఫ్ 3.5లో అసలు మూసుకునే పనే లేదు, అందుకే ఫొటో పడుతోంది. అంటే అపర్చర్ మోటారుకి వెళ్లే సన్నటి రిబ్బన్ కేబుల్ మీద అనుమానం. జూమ్ తిప్పిన ప్రతిసారీ ఆ రిబ్బన్ మడత పడి విప్పుకుంటుంది, ఏళ్ల తరబడి అలా అయ్యాక మడత దగ్గర చిట్లుతుంది. ఇసుక తీసి జూమ్ తిరిగాక ఒక పరీక్ష చెయ్: ఎఫ్ 8 మార్చకుండా 18లో పది ఫొటోలు, 35లో పది తీసి చూడు. ఒక చోట పడి ఇంకో చోట పడకపోతే రిబ్బనే. ఫొటోల వివరాల్లో ఫోకల్ లెంగ్త్ (ఆ జూమ్ అంకె) ఎంత చూపిస్తుందో కూడా చూడు, నువ్వు 35లో తీసినా 18 అనే రాస్తుంటే జూమ్ ఎంత తిరిగిందో చెప్పే చిన్న బ్రష్ వంగిపోయినట్టు.

విప్పేటప్పుడు జాగ్రత్తలు రాస్తున్నా. జపాన్ కెమెరాల్లో స్క్రూలు చాలావరకు జేఐఎస్ అనే రకం. మన బజార్లో దొరికే మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ అందులో సరిగ్గా కూర్చోదు, జారి తల తినేస్తుంది. తల పోయిన స్క్రూని ఇంట్లో తియ్యలేవు. అందుకే ఆన్‌లైన్‌లో జేఐఎస్ అని చూసి చిన్న సైజు తెప్పించుకో. వెనక మౌంటు (కెమెరాకి తగిలించే రింగు) స్క్రూలు తీశాక, కాంటాక్టుల్ని పట్టుకునే ఇంకా చిన్న స్క్రూలు పక్కన ఉంటాయి, అవి మర్చిపోయి మౌంటుని లాగితే రిబ్బన్ తెగుతుంది. సర్క్యూట్ బోర్డు దగ్గర ప్రతి రిబ్బన్‌కీ నల్లటి చిన్న రెక్క తాళంలా ఉంటుంది, గోటితో దాన్ని పైకి లేపాకే రిబ్బన్‌ని సూటిగా లాగాలి.

ఆ కేబుల్ మార్చడం మాత్రం ఇంట్లో పని కాదు, అద్దాలు కూడా కదపాల్సి వస్తుంది.

(55 జూమ్‌తో దూరంగా ఉండే గూడబాతులు దొరకవని నా పేరు చూసి ఎవరైనా అనబోతే, నాకూ తెలుసు.)

పాత రీలు, చిత్తూరు

అమ్మాయి బాగా చెప్పింది. నేనొకటి కలుపుతా. మౌంటు కింద కాగితమంత పల్చటి లోహపు రేకులు కనిపిస్తే, ఏది ఎక్కడుందో ఫొటో తీసుకున్నాకే ముట్టుకో. నా అనుభవం చెప్తా, నవ్వకండి. స్టూడియో నడిపే రోజుల్లో నా లెన్స్ నేనే విప్పి అలాంటి రేకు ఒకటి పారేసుకున్నాను, ఏముందిలే అని బిగించేసి పలమనేరులో పెళ్లికి వెళ్లాను. గ్రూప్ ఫొటోలో పెళ్లికొడుకు వైపు వాళ్లు మీసం వెంట్రుకతో సహా కనిపిస్తున్నారు, పెళ్లికూతురు వైపు వాళ్లందరూ మసక. అది కావాలని చేశానని ఆ ఇంటి పెద్దాయన ఇప్పటికీ నమ్ముతాడు.

బైరాగిపట్టెడ అబ్బాయి

స్క్రూడ్రైవర్ వచ్చింది, నిన్న రాత్రి విప్పాను. స్క్రూలు కలిసిపోకుండా ఇడ్లీ ప్లేటు పెట్టుకున్నా, ఒక్కో దశలో తీసినవి ఒక్కో గుంతలో. ఇది మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు, బాగా పనికొచ్చింది.

పాత రీలు అన్న చెప్పింది అక్షరాలా నిజం. మౌంటు తీసి బోర్డు పక్కకి జరపగానే ఆవగింజంత స్క్రూ ఒకటి టేబుల్ మీద పడింది, దాని ప్లాస్టిక్ చుట్ట గాడి చివర ఇరుక్కుని ఉంది. చుట్టకి ఒక అంచు అరిగింది కానీ విరగలేదు. గాడిలో ఇసుక రేణువులు నాలుగైదు, గ్రీజుకి అంటుకుని ఉన్నాయి. పళ్లపుల్ల చివర తడి లేని దూది చుట్టి ఒక్కొక్కటీ తీశాను, దానికే ముప్పావు గంట పట్టింది, మెడ పట్టేసింది. స్క్రూ మళ్లీ ఊడకుండా మా చెల్లి నెయిల్ పాలిష్ ఒక చుక్క తల మీద వేశాను, తను చూసి ఆ రంగు కొత్తదని ఏడ్చింది, అది వేరే కథ.

ఇప్పుడు జూమ్ 18 నుంచి 55 దాకా వెన్నలా తిరుగుతోంది. వార్తాపత్రిక గోడకి అంటించి తీసి చూశాను, నాలుగు మూలలూ ఒకేలా ఉన్నాయి.

కానీ అక్క చెప్పింది కూడా నిజమే. ఎఫ్ 8లో 18 నుంచి 28 వరకు పదికి పది పడ్డాయి, 35 దాటితే పదికి తొమ్మిది ఎర్రర్లు. రిబ్బన్ పోయినట్టే కదా?

నేలపట్టు గూడబాతు

పోయినట్టే. జూమ్ చేసినప్పుడు అపర్చర్ పూర్తిగా తెరిచి ఉంచి తియ్యి, 55 దగ్గర అది ఎఫ్ 5.6 అవుతుంది, బయట వెలుతురులో ఇబ్బంది లేదు. మండపంలో ఎలాగూ తెరిచే తీస్తావు. గ్రూపులు మాత్రం 24 దగ్గర ఎఫ్ 8లో లాగించెయ్. అది కూడా ఎన్ని రోజులు నడుస్తుందో నమ్మకం లేదు, పుత్తూరు కట్టు కట్టడానికి అది ఎముక కాదు కదా.

ఘాట్‌రోడ్డు గురుడు

ఇడ్లీ ప్లేటు ఐడియా ముందే చెప్పి ఉంటే నా పెన్నుల స్టాండు ఇవాళ ఫొటోలు తీసేది.

పాత రీలు, చిత్తూరు

తమ్ముడూ, నీదే మౌంటు అయితే నా దగ్గర 50 ఫిక్స్‌డ్ లెన్స్ ఖాళీగా ఉంది, జూమే లేదు కాబట్టి పట్టేసే బాధ లేదు. పెళ్లికి ముందు రోజు బస్సెక్కి వచ్చి తీసుకెళ్లు. తిరిగిచ్చేటప్పుడు విప్పకుండా ఇస్తే చాలు.

బైరాగిపట్టెడ అబ్బాయి

వస్తానన్నా, చాలా థ్యాంక్స్. మౌంటు ఫొటో మెసేజ్‌లో పెట్టాను, చూసి చెప్పండి. విప్పనులే, ఆ ఇడ్లీ ప్లేటు అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది.