లేహ్‌లో పగలంతా పనులు, సాయంత్రం శాంతి స్తూపం మెట్లు: వెళ్లొచ్చినవాళ్లు మీ అనుభవం రాయండి

గోదావరి_గాలి:
నిన్న మా రోజు మొత్తం లేహ్ బజార్లో తిరుగుళ్లకే సరిపోయింది. నుబ్రా లోయకి, పాంగాంగ్ సరస్సుకి వెళ్లాలంటే పర్యావరణ రుసుము ఆన్‌లైన్లో కట్టి ఆ రసీదు ప్రింట్లు దగ్గర పెట్టుకోవాలి కదా. మనవైపు ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచెయ్యవు, హోటల్ వైఫైలో పేజీ సగం తెరుచుకుని ఆగిపోతుంది, తీరా కార్డుతో కడదామంటే ఓటీపీ రావాల్సింది అదే చచ్చిన సిమ్‌కి. హోటల్ కుర్రాడి ఫోన్‌తో కట్టించుకుని ప్రింట్ షాపుకి వెళ్తే కరెంట్ లేదు. ఇక బైక్ సంగతి, అడ్వాన్స్ తీసుకున్న బండిని వేరేవాళ్లకి ఇచ్చేసి ఇంకోటి అంటగట్టారు, దానికి వెనక బ్రేకు పట్టదు, గట్టిగా మాట్లాడి మార్పించేసరికి సాయంత్రం అయింది. మా ఆవిడకైతే ఏడుపొక్కటే తక్కువ.

అయినా బయల్దేరాం. చాంగ్‌స్పా సందుల్లోంచి, పోప్లార్ చెట్ల పక్కన పారే కాలువ వెంబడే నడిచి, కొండ మీదున్న బౌద్ధ శాంతి స్తూపం మెట్ల దగ్గరికి. ఐదొందలకు పైనే ఉంటాయంటారు, బాగా నిటారు, కాస్త ఎక్కితే చాలు ఆగి గాలి పీల్చుకోవాల్సిందే. జూన్ కాబట్టి ఏడు దాటాక కూడా వెలుతురు ఉంది. పైన పిట్టగోడ మీద చెయ్యి వేస్తే పగటి ఎండకి ఇంకా వెచ్చగానే ఉంది, గాలి మాత్రం చెవులు కోసేస్తోంది. కింద పచ్చగా లేహ్ ఊరు, సింధు నదికి అవతల స్టోక్ కొండలు, ఊరంతా నీడలోకి వెళ్లిపోయాక కూడా ఆ శిఖరాల మీద ఎండ అలాగే నిలబడి ఉంది. పొద్దున్నుంచి పడ్డ చిరాకంతా పోయింది, నిజంగా. మీరెవరైనా ఇలా పనులూ నడకా ఒకే రోజు పెట్టుకున్నారా?

సీమ_రైడర్:
అన్నా, ముందు ఒకటి చెప్పు. ఫ్లైట్‌లో దిగిన రోజేనా ఎక్కింది? చదివేవాళ్లు అలా అనుకుంటే ప్రమాదం, అందుకే అడుగుతున్నా. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, మనకు కింద అందే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అక్కడ అందేది. మా తమ్ముడు పొద్దున దిగి సాయంత్రం అవే మెట్లెక్కాడు, రాత్రికి తలనొప్పి, వాంతులు, ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. దిగిన రోజు, మరుసటి రోజు కూడా గదిలో పడుకుని నీళ్లు తాగడమే పని. ఎత్తు పడక వచ్చే ఈ జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలనుకుంటే బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

గోదావరి_గాలి:
లేదు తమ్ముడూ, శ్రీనగర్ నుంచి రోడ్డు మీద వచ్చాం, కార్గిల్‌లో పడుకుని. లేహ్ చేరాక కూడా విశ్రాంతి తీసుకున్నాకే ఈ తిరుగుడంతా.

మెట్టుగూడ_మాధవి:
పనుల గురించి నేను చెప్తాను. రుసుము హైదరాబాద్‌లో ఉన్నప్పుడే కట్టేసి, రసీదులు నాలుగైదు కాపీలు తీసి సంచిలో పడేసుకోండి. ఇంట్లో ఒక్కరిదైనా పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉండాలి. బయట ఊళ్లలో అద్దెకి తీసుకున్న బైక్‌లని నుబ్రా, పాంగాంగ్ వైపు అక్కడి యూనియన్లు తిరగనివ్వవు, కాబట్టి బండి లేహ్‌లోనే తీసుకోవాలి, డబ్బు చేతిలో పెట్టకముందే ఒక రౌండ్ నడిపి చూడాలి. ఇవన్నీ అయిపోతే బజార్లో మిగిలేది ఒక్క మంచి పనే, ఫుట్‌పాత్ మీద వరసగా కూర్చునే లద్దాఖీ ఆడవాళ్ల దగ్గర ఎండు ఖుబానీ (ఆప్రికాట్) కొనడం. తీరిగ్గా రుచి చూపించి మరీ ఇస్తారు. వాటితో ఇంటికొచ్చి ఖుబానీ కా మీఠా చేశాను, చక్కెర సగం వేస్తే సరిపోయింది.

ఉత్తరాంధ్ర_నడక:
స్తూపం బాగుంటుంది కానీ సాయంత్రం పూట నేను అటు పొమ్మనను. పైదాకా రోడ్డుంది, సీజన్లో బళ్లన్నీ అక్కడే. దాని బదులు లేహ్ ప్యాలెస్ వెనక నుంచి నమ్‌గ్యాల్ త్సెమో కొండ ఎక్కండి. ప్యాలెస్ సెంగే నమ్‌గ్యాల్ రాజు 17వ శతాబ్దంలో కట్టించినది, తొమ్మిది అంతస్తులు, దాని నెత్తి మీద ఉన్నట్టుంటుంది త్సెమో గోంపా, అంటే బౌద్ధ మఠం. పాత ఊరి మట్టి ఇళ్ల మధ్య సందుల్లోంచి మొదలుపెట్టి ఎక్కుతుంటే ఆ ఊరు అసలు ఎలా ఉండేదో తెలుస్తుంది, నాకు లద్దాఖ్ మొత్తంలో బాగా నచ్చిన నడక అదే. దారంతా గులకరాళ్లు, దిగేటప్పుడు జారుతుంది, గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి.

సీమ_రైడర్:
టార్చ్ కూడా. ఇంకోటి, చీకటి పడితే లేహ్‌లో వీధికుక్కలు గుంపులుగా తిరుగుతాయి, ఒంటరిగా సందుల్లో నడవొద్దు. వెలుతురు ఉండగానే దిగిపోవడం మేలు.

గోదావరి_గాలి:
త్సెమో రేపు చూస్తాం అయితే. వచ్చే వారం మా అమ్మ వస్తోంది, మోకాళ్ల నొప్పులు, బీపీ కూడా ఉంది. తనకి పైనుంచి ఆ కొండలు చూపించాలని ఉంది, ఎలాగండీ?

మెట్టుగూడ_మాధవి:
బీపీ ఉందంటే ఆవిడ బయల్దేరకముందే డాక్టర్ ఒప్పుకోవాలి, అది మొదటి మాట. వచ్చాక విశ్రాంతి పూర్తయి ఒంట్లో బాగుంటే టాక్సీలో స్తూపం పైకి తీసుకెళ్లండి, మా అత్తయ్యని అలాగే తీసుకెళ్లాం. ఉన్ని టోపీ, శాలువా తప్పనిసరి. వెయిటింగ్ చార్జీ కిందే మాట్లాడుకోండి, బండిని పంపించేస్తే తిరిగి రావడానికి పైన ఇంకోటి దొరకడం కష్టం.