లైపోప్రోటీన్-ఎ పరీక్ష అందరికీ చేయాలా, వద్దా?

కృష్ణాతీరం:
మా అన్నయ్యకి 46 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. సిగరెట్ అలవాటు లేదు, షుగర్ లేదు, చెడు కొలెస్ట్రాల్ 110 దగ్గరే ఉండేది. స్టెంట్ వేశాక డాక్టరు గారు లైపోప్రోటీన్-ఎ అని, రక్తంలో కొలెస్ట్రాల్ మోసే ఒక రకం రేణువుని కొలిచే పరీక్ష రాశారు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ అంటారు, అన్నయ్యకి 118. నాకూ చేశారు, 96. పదేళ్లుగా ఏటా లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుంటున్నాం, ఈ పేరు ఒక్కరూ చెప్పలేదు. పెద్దవాళ్లంతా జీవితంలో ఒక్కసారైనా ఇది చేయించుకోవాలని నా వాదన. 2019లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ, 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా చెప్పింది కూడా ఇదే. మన దేశంలో నలుగురిలో ఒకరికి ఇది ఎక్కువగా ఉంటుందని అంచనా.

బందరురోడ్డు:
తెలుసుకుని ఏం చేస్తామండీ? అది పుట్టుకతో వచ్చే నంబరు. ఎంత నడిచినా, నూనె మానేసినా తగ్గదు. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మాత్ర కూడా దాన్ని తగ్గించదు.

ఒకప్పుడు రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం గురించీ ఇలాగే అన్నారు. అది ఎక్కువున్నవాళ్లకి గుండెజబ్బు ఎక్కువని ఫోలిక్ యాసిడ్, బి12 ఇచ్చి చూశారు. 2006లో నార్వే పరిశోధన, కెనడా వాళ్లు నడిపిన ఇంకోటి ఫలితాలు వచ్చాయి. హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. అయినా ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఆ పరీక్ష ఇంకా కనిపిస్తూనే ఉంది. మా అమ్మ రిపోర్టులో ఆ ఒక్క అంకె ఎర్రగా కనబడిందని నెల రోజులు టెన్షన్ పడింది. అప్పుడు ఆమె బీపీ 160. దాన్ని మేమెవరం పట్టించుకోలేదు, అదీ నా బాధ.

కృష్ణాతీరం:
అమ్మగారి విషయం చదివి బాధేసిందండీ. కానీ ఈ రెండూ ఒకటి కావు. లైపోప్రోటీన్-ఎ అంటే చెడు కొలెస్ట్రాల్ రేణువుకే ఇంకో ప్రోటీన్ తోకలా అతుక్కుని ఉండడం. అది ఎక్కువయ్యే జన్యువులతో పుట్టినవాళ్లకి గుండెపోట్లు కూడా ఎక్కువేనని 2009లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. అంటే అది జబ్బుకి గుర్తు మాత్రమే కాదు, కారణం కూడా.

ఇక ఏం చేస్తామంటారా? నాకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 110 ఉంటే ఇదివరకు "పర్వాలేదు" అనేవారు. ఇప్పుడు 70 కిందకి తెమ్మని స్టాటిన్ మొదలుపెట్టారు. తగ్గించలేనిది ఒకటి ఉందని తెలిశాక, తగ్గించగలిగిన వాటి మీద పట్టు బిగించాలి. పెలాకార్సెన్, ఒల్పాసిరాన్ అనే కొత్త మందులు ప్రయోగాల్లో దీని మట్టాన్ని బాగా తగ్గించాయి. అయితే మట్టం తగ్గడం వేరు, గుండెపోటు తగ్గడం వేరు. ఆ మాట వరకు మీతో ఒప్పుకుంటాను.

సూక్ష్మదర్శిని:
ల్యాబులో పనిచేస్తాను, రెండు మాటలు చెప్తాను. లైపోప్రోటీన్-ఎ ఒకచోట మిల్లీగ్రాముల్లో, ఇంకోచోట నానోమోల్స్‌లో ఇస్తారు. అక్కడ 50 అయితే ఇక్కడ దాదాపు 125. యూనిట్ చూడకుండా రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి భయపడకండి. రెండోది, గుండె ముప్పు అంచనాకి చూసే ఇంకో రక్త పరీక్ష, హెచ్‌ఎస్-సీఆర్‌పీ. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎంతుందో అది చెప్తుంది. జ్వరమో, పంటి ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు రక్తం ఇస్తే అది పెరిగే వస్తుంది. అలా వచ్చిన అంకెకి గుండెతో సంబంధం కట్టలేం. పూర్తిగా తగ్గాక కొన్ని వారాలు ఆగి ఇవ్వండి.

బందరురోడ్డు:
జన్యువుల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయినా అందరికీ అంటే ఒప్పుకోను. ఇంట్లో మగవాళ్లకి 55 లోపు, ఆడవాళ్లకి 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే ఆ కుటుంబం చేయించుకోవాలి. మిగతావాళ్లు ముందు బీపీ, షుగర్ చూపించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ రెండింటికీ డబ్బు కూడా కట్టక్కర్లేదు.

కృష్ణాతీరం:
బీపీ, షుగరే ముందు, అందులో నాకు వాదన లేదు. కానీ మా ఇంట్లో గుండెపోటు వచ్చిన మొదటి మనిషి మా అన్నయ్యే. మీరు చెప్పిన పద్ధతిలో ఆయనకి ఈ పరీక్ష గుండెపోటు తర్వాతే జరిగేది. అచ్చం అలాగే జరిగింది. ఆయన కూతురికి 19 ఏళ్లు, వచ్చే వారం థైరాయిడ్‌కి రక్తం ఇస్తోంది. అదే సూదితో ఇది కూడా చేయించమని వదినకి చెప్పాను.