ఉబుంటు వేశాక బూట్ అవ్వట్లేదు: సెక్యూర్ బూట్ తీసెయ్యాలా, వద్దా?

టెక్కలి_గుంటడు:
విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోయింది కదా అని నాన్న ఎరువుల షాపు లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు లినక్స్ వేశాను. ఇన్‌స్టాల్ బాగానే అయింది గానీ, ఆన్ చేస్తే తిన్నగా విండోస్‌కే పోయింది. తెలిసిన రిపేరాయన "సెక్యూర్ బూట్ తీసేసి లెగసీ పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇప్పుడు రెండూ రావట్లేదు, బూట్ డివైస్ లేదంటోంది. రైతుల బాకీల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. నాన్నకింకా చెప్పలేదు.

గంటస్తంభం_జంక్షన్:
లెక్కలెక్కడికీ పోలేదు, టెన్షన్ పడకు. ఆయన రెండు వేరే సంగతుల్ని కలిపేశాడు. సెక్యూర్ బూట్ అంటే డిజిటల్ సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే (సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్‌నే) లోపలికి రానివ్వడం. లెగసీ అంటే కంప్యూటర్ బూట్ అయ్యే పాత బయోస్ పద్ధతి, దాని బదులు వచ్చిన కొత్తది యూఈఎఫ్‌ఐ. నీ విండోస్, ఉబుంటు రెండూ యూఈఎఫ్‌ఐలో వేసినట్టున్నాయి. వాటి బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ వైపు లెగసీ చూడనే చూడదు. మళ్లీ యూఈఎఫ్‌ఐ పెట్టి, బూట్ ఆర్డర్‌లో ఉబుంటుని పైకి జరుపు. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉండనీ. ఉబుంటులో ముందుగా లోడయ్యే షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంది. డెబియన్ అనే ఇంకో లినక్స్‌కి కూడా 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచీ ఆ సదుపాయం ఉంది.

పలాస_జీడిపప్పు:
లెగసీ తప్పే, ఒప్పుకుంటా. సెక్యూర్ బూట్ మాత్రం నేను తీసేస్తాను. ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ వేసి చూడండి. రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వచ్చి మోక్ కీ (ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పే కీ) నమోదు చెయ్యమంటుంది. తెలియనివాళ్లు కంటిన్యూ నొక్కేస్తారు, ఇక డ్రైవర్ లోడవ్వదు. రాత్రి పదింటికి ఫోన్ నాకే వస్తుంది.

గంటస్తంభం_జంక్షన్:
అన్నా, విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండి సెక్యూర్ బూట్ మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. షాపాయన ఆ కీ ఎక్కడ దాచాడని అడుగుతావు? ముందు కీ రాసిపెట్టుకుని అప్పుడు తీస్తే నాకూ అభ్యంతరం లేదు.

పలాస_జీడిపప్పు:
అది నిజమే. ఒకసారి తగిలింది నాకు.

గంటస్తంభం_జంక్షన్:
తమ్ముడూ, బూట్ ఆర్డర్‌లో ఉబుంటు పేరే లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కి గ్రబ్ (ఉబుంటు బూట్‌లోడర్) మళ్లీ వెయ్యాలి. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నదే నొక్కు.

టెక్కలి_గుంటడు:
అక్కర్లేకపోయింది. యూఈఎఫ్‌ఐ పెట్టి, సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేస్తే విండోస్ వచ్చేసింది, కీ అడగలేదు. ఉబుంటు రెండో వరసలో ఉంది, పైకి జరిపాను. గ్రబ్ మెనూ వచ్చింది. బాకీలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతున్నాయి.

పలాస_జీడిపప్పు:
నీ దాంట్లో ఎన్విడియా లేదు కాబట్టి సరిపోయింది బాబూ.